రానోళ్ళ పేర్లు

బడికి వచ్చిన పిల్లల లెక్క ప్రభుత్వానికి కావాలి. రాని పిల్లల లెక్క నాగలతకు కావాలి. ఈ రెండో లెక్కను ఏ ఆఫీసూ అడగలేదు, ఏ సర్క్యులరూ చెప్పలేదు. టీచరు పుష్ప, ఆశా కార్యకర్త నాగలత ఇద్దరే కూర్చుని మూడేళ్ళ కిందట ఒక వానాకాలంలో పెట్టుకున్న కట్టుబాటు అది.

రాళ్ళవాగు గుంపు అంటే ముప్ఫై రెండు కోయ ఇళ్ళు. భద్రాచలం రోడ్డు వదిలి అడవిలోకి ఆరు కిలోమీటర్లు. నాగలత చూడాల్సిన గుంపులు అలాంటివి నాలుగు, ఆమెకున్న కాళ్ళు రెండే. జరాల కాలంలో రోజూ ఇంటింటికీ తిరగడం ఆమె తరమా? అందుకని పుష్ప పొద్దున హాజరు వేయగానే, బడి వెనక దిబ్బ ఎక్కి, సిగ్నల్ దొరికే చోట నిలబడి, రాని పిల్లల పేర్లు నాగలత ఫోనుకు పంపేది. సాయంత్రంలోపల నాగలత ఆ ఇళ్ళకు మాత్రం పోయి, వేలికి సూది గుచ్చి రక్తం చూసి, మలేరియా అయితే గోళీలు అక్కడికక్కడే మింగించేది.

"జరమొస్తేనే గదా మేడం పిల్లలు బడి ఎగ్గొట్టేది. మీ హాజరే నాకు థర్మామీటర్" అని నవ్వేది నాగలత. నవ్వులాటకు అన్నా, మూడేళ్ళల్లో ఆ గుంపులో జరంతో ఒక్క పిల్ల పోలేదు. పక్క గుంపుల గురించి ఆ మాట చెప్పడానికి లేదు.

పుష్పది తిరుమలాయపాలెం దగ్గర తండా. భర్త కోటేష్‌కు ఖమ్మంలో మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది, పిల్లలిద్దరూ అక్కడే చదువుతున్నారు. ఈమె మండల కేంద్రంలో ఒక గది కిరాయికి తీసుకుని, స్కూటీ మీద గుంపుకు పోయివస్తూ, ఆదివారం ఒక్కరోజు ఇంటి ముఖం చూస్తుంది. బడిలో అయిదు తరగతులు, ఇరవై ముగ్గురు పిల్లలు, టీచరు తనొక్కతే. అంతవరకైతే ఆమెకు కష్టం కాదు. పాఠం చెప్పడం కష్టమని ఏ టీచరూ ఏడవడు. ఏడిపించేది మిగతాదే. హాజరు ఒక యాప్‌లో, అన్నం తిన్నవాళ్ళు మరో యాప్‌లో, గుడ్లు, బట్టలు, పుస్తకాలు, చదవగలిగినవాళ్ళు, చదవలేనివాళ్ళు, అన్నీ వేరువేరు యాప్‌లలో. అది చాలదన్నట్టు గోరుచుట్టు మీద రోకటిపోటులా ఓటర్ల జాబితా పని, ఇంటింటి సర్వే. రోజుకు నాలుగుసార్లు దిబ్బ ఎక్కి దిగేది. ఒకరోజు బోర్డు మీద గుణింతం రాస్తూ రాస్తూ అది ఏ తరగతికి రాస్తున్నదో మరిచిపోయి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళకే బీపీ గోళీలు మొదలయ్యాయి.

నిజం చెప్పాలంటే ఆ బడికి రెండో టీచరు ఒకామె ఉండేది. ఆమె పేరు వనజ, చదువుతున్నది మూడో తరగతి. పుష్ప దిబ్బ మీదికి పోయినప్పుడల్లా ఒకటో తరగతి వాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని, వాళ్ళ వేళ్ళు పట్టుకుని అ ఆలు దిద్దించేది. ఎవడైనా అల్లరి చేస్తే అచ్చం పుష్పలాగే కళ్ళజోడు లేని ముక్కు మీద కళ్ళజోడు సర్దుకున్నట్టు సర్దుకుని చూసేది. తల్లీ తండ్రీ కూలి కోసం నెలలకు నెలలు ఊళ్ళు తిరుగుతుంటే నాయనమ్మ భీమక్క దగ్గర పెరుగుతున్న పిల్ల. ఎనిమిదేళ్ళ పిల్ల మీద అంత పని పెడుతున్నానే అని పుష్పకు అప్పుడప్పుడు గుచ్చుకునేది. గుచ్చుకున్నా, తీరిక ఉంటే కదా ఆ మాట పట్టుకుని కూర్చోవడానికి.

సెప్టెంబరులో ఒక శుక్రవారం, శనివారం మండల కేంద్రంలో టీచర్లకు శిక్షణ పెట్టారు. శిక్షణ పేరు 'ఉపాధ్యాయుల పనిభారం, ఒత్తిడి నిర్వహణ'. పేరు చదివి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఒక్క టీచరే ఉన్న బడుల వాళ్ళు మాత్రం నవ్వలేదు.

"మేమిక్కడికొస్తే బడి ఎవరు చూస్తరు సార్?" అని పుష్పే అడిగింది.

వెంకటేశ్వరరావు సార్ కాంప్లెక్స్ హెడ్మాస్టరు. చుట్టుపక్కల ఇరవై ఒక్క బడులకు ఆయనే పెద్ద. "వంటామె ఉంటది గదమ్మా. గంట కొట్టి, అన్నం పెట్టి ఇంటికి పంపుతది. బడి మూతపడ్డట్టు మాత్రం పైకి కనపడొద్దు" అన్నాడు.

శుక్రవారం పదిన్నరకు శిక్షణ మొదలైంది. ఖమ్మం నుంచి వచ్చిన నిపుణుడు అందరినీ ఫోన్లు పక్కన పెట్టమన్నాడు. కళ్ళు మూసుకుని, నెత్తిమీది బరువును తొవ్వ పక్కన దించి పెడుతున్నట్టు ఊహించుకోమన్నాడు. అందరూ బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు. సరిగ్గా అప్పుడే అందరి ఫోన్లూ ఒక్కసారి గుర్రుమన్నాయి. పదకొండు లోపల హాజరు ఎక్కాలి, తొంభై శాతానికి తగ్గితే మెమో అని వెంకటేశ్వరరావు సార్ గ్రూపులో పెట్టాడు. ఆయన కూడా అదే హాలులో చివరి వరసలో కళ్ళు మూసుకునే ఉండాలి మరి, ఎలా పెట్టాడో.

హాలులో నలభై మంది టీచర్లు. బల్లల కింద నలభై ఫోన్లు వెలిగాయి. తాము లేని బడులకు, తాము చూడని పిల్లలకు, అందరూ వచ్చారని టిక్కులు పెట్టారు. తిలాపాపం తలా పిడికెడు. పుష్ప కూడా ఇరవై మూడు టిక్కులు పెట్టింది. అది పూర్తికాకముందే నాగలత మెసేజ్ వచ్చింది.

"మేడం, ఇయ్యాల రానోళ్ళు ఎవరు?"

పుష్ప వేలు ఆగలేదు. "అందరు వచ్చిండ్రు" అని కొట్టి పంపేసింది.

నేను బడిలో లేను అని రాయొచ్చు. అంతకంటే పెద్ద మాటేం కాదు. ఎందుకు రాయలేదంటే, ఆ మాట నాగలత తమ దవాఖానా గ్రూపులో వేస్తే బడిలో టీచరు లేదన్న సంగతి పైకి పోతుందేమోనని ఒక భయం. దానికంటే నిజమేమిటంటే ఆ క్షణంలో ఆమెకు అంత ఆలోచనే లేదు. ఒక చేత్తో నాలుగు పనులు చేయడం అలవాటైన మనిషి, అయిదో పనిని కూడా అదే ఊపులో చేసేసింది. శనివారం మళ్ళీ మెసేజ్ వచ్చింది. మళ్ళీ అదే జవాబు. ఈసారి ఆ భయం కూడా వేయలేదు.

ఆదివారం ఖమ్మం పోయి, పిల్లల బట్టలు ఉతికి, కోటేష్‌కు ఇష్టమని చేపల పులుసు చేసి, సోమవారం పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. స్కూటీ తీసుకుని గుంపులోకి వచ్చేసరికి తొమ్మిది దాటింది. పిల్లలెవరూ ఎదురు రాలేదు. బడి వరండాలో వంటామె ఒక్కతే కూర్చుని ఉంది.

"వనజ పోయిందమ్మా" అన్నది. "నిన్న మాపటికి."

శుక్రవారం పొద్దున జరం, వణుకు. గుంపులో నాటువైద్యం చేసే పగిడయ్య చెట్టుమందు ఇచ్చాడు. శనివారం మాటలు తేడా వచ్చాయి. ఆదివారం పగలు ఫిట్స్ వచ్చి పిల్ల తెలివి తప్పింది. వాగు దాటించి, ఆటో దొరికించుకుని పోతుంటే సారపాక దగ్గర, గోదారి వంతెన ఇంకా ఎక్కకముందే ప్రాణం పోయింది. వంతెన అవతలి భద్రాచలం దవాఖానాదాకా పోనేలేదు. కల్లూరు దిక్కు పత్తి చేలల్లో కలుపుకు పోయిన తండ్రి సీతయ్యా, తల్లీ ఈ తెల్లారే వచ్చారు. పిల్లను పూడ్చిపెట్టి అందరూ ఇప్పుడే తిరిగొచ్చారు.

"శుక్రవారం బడికి రాలేదా?" అని అడిగింది పుష్ప.

"రెండు దినాలూ రాలే. నీకు చెప్దామంటే ఈడ ఫోను అందదాయె."

పుష్ప అక్కడే వరండాలో కూలబడింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తున్నంతసేపూ, తను నాగలతకు పంపిన జవాబు సంగతి ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అని లోపల ఒక మూల లెక్కపెడుతూనే ఉంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

మంగళవారం డాక్టర్ల బృందం దిగింది. గుంపులో అందరికీ రక్తపరీక్షలు చేస్తే తొమ్మిది మందికి మలేరియా తేలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రోజే దోమల మందు కొట్టారు, ఆ రోజే తెరలు పంచారు. వచ్చిన పెద్ద డాక్టరు అందరి ముందరా నాగలతను నిలబెట్టి అడిగాడు.

"మూడు రోజులు పిల్ల జరంతో పడి ఉంటే నువ్వేం చేస్తున్నవ్? శనివారం ఇదే గుంపుకు వచ్చినవంట గదా?"

వచ్చింది. వనజ ఇంటికి రెండిళ్ళ అవతల ఒక నిండు గర్భిణి ఉంటే చూసి, సందు దాటి వెళ్ళిపోయింది. నాగలత తల వంచుకుంది. ఫోను ఆమె చేతిలోనే ఉంది. దాన్ని పైకి ఎత్తితే చాలు. ఎత్తలేదు. సీతయ్య ముందుకొచ్చి, "ఇంకోసారి మా గడప తొక్కకు" అన్నాడు.

సాయంత్రం పుష్ప స్కూటీ తీస్తుంటే నాగలత దగ్గరికొచ్చింది.

"మీ మెసేజ్ నేను ఎవరికీ చూపియ్యలే మేడం. ఒక్కటే అడుగుత. అందరు వచ్చిండ్రంటిరి గదా. గంత జరంతోని పిల్ల బడికి ఎట్ల వచ్చింది?"

"రేపు మాట్లాడుకుందాం నాగలతా" అంది పుష్ప. బండి స్టార్ట్ చేసి వచ్చేసింది. తోవ మలుపు తిరిగేదాకా అద్దంలో నాగలత అక్కడే నిలబడి కనపడింది.

బుధవారం వెంకటేశ్వరరావు సార్ పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై ఒక్క బడుల లెక్కలు నెత్తిన మోస్తూ, షుగరుతో కాళ్ళు వాచిపోయి, రిటైర్మెంటుకు ఏడు నెలలున్న మనిషి. ఆయన బల్ల మీద ఒక కాగితం సిద్ధంగా ఉంది. వనజ అను విద్యార్థిని శుక్ర, శనివారములు బడికి హాజరై, మధ్యాహ్న భోజనము చేసి, ఆరోగ్యముగా ఇంటికి వెళ్ళినది. జ్వరము శనివారము రాత్రి వచ్చినది. కింద భీమక్క వేలిముద్ర పడాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"రేపు సాయంత్రంలోపల వేయించుకొని రా" అన్నాడు ఆయన. "యాప్‌ల గదే ఉన్నది, రిజిస్టర్ల గదే ఉంటది, ముసలామె గూడ గదే చెప్పిందంటే కథ ఒడిసిపోతది."

"మరి నాగలత సార్?"

"కొన్నాళ్ళు పక్కకు పెడ్తరు. మళ్ళ తీసుకుంటరు."

"ఆమె తప్పు లేదు సార్."

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నాడు. "తప్పు ఎవరిదని తవ్వుకుంటూ పోతే నీ దగ్గర ఆగదు పుష్పా. ఆ రెండు దినాలు మండలం మొత్తం గట్లనే రాసింది. రాయమన్నది నేనే. నిన్ను సస్పెండ్ చేస్తరు, పిల్లలున్నదానివి. చనిపోయిన బిడ్డ తిరిగొస్తదా?"

రాదు. ఆ మాట నిజమే కాబట్టి పుష్ప కాగితం తీసుకుంది. దానితోపాటు సిరాదిండు ఉన్న చిన్న డబ్బా కూడా ఆయనే ఇచ్చాడు.

గురువారం బడి విడిచాక భీమక్క ఇంటికి పోయింది. ముసలామె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. గడప దగ్గర సీతయ్య కత్తికి పిడి బిగిస్తున్నాడు. భీమక్క ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదని గుంపంతా చెప్పుకుంటున్నారు. పిల్లను పూడ్చేటప్పుడు కూడా అలాగే కట్టెలా నిలబడిందట. తిండి ముట్టడం లేదు, ఎవరితోనూ మాట లేదు.

పుష్పను చూసి మాత్రం, "కూసో పంతులమ్మా" అన్నది.

పుష్ప కూర్చుంది. సంచీని ఒడిలోకి లాక్కుంది.

"శుక్కురారం పొద్దుగాల పిల్ల ఒళ్ళు కాలుతాంది" అని మొదలుపెట్టింది భీమక్క, ఎవరూ అడగకుండానే. "అయినా పుస్తకాల సంచి ఏసుకున్నది. బడికి పోత అంటది. చిన్నోళ్ళకు నేనే దిద్దిపియ్యాలె, పంతులమ్మ ఫోను పట్టుకొని దిబ్బెక్కుతది, నేను లేకుంటే ఎట్ల అంటది. నేనే ఆపిన."

"అవ్వా…"

"ఇను. బడికి పోతే వచ్చినోళ్ళల్ల కలుస్తవు, నాగలత రాదు అన్న. ఇంట్ల ఉంటే రానోళ్ళల్ల నీ పేరు రాస్తరు, పొద్దుగూకక ముందే నాగలత వచ్చి సూది గుచ్చి చూస్తది, గోళీలిస్తది అన్న. పోయినేడు గట్లనే గదా బతికిండ్రు పిల్లలు. ఏడిస్తే సంచి గుంజుకున్న. రెండు దినాలు తొవ్వకే చూసిన. శనారం నాగలత గీ సందుల నుంచే పోయింది. పిలుద్దామనుకున్న. మల్ల, పేరు రాసిచ్చి ఉంటరు గదా, ఆ ఇల్లు చూసి ఈడికొస్తది, రాకేం పోతది అని ఊకున్న."

తనూ నాగలతా ఇద్దరికే తెలుసనుకున్న కట్టుబాటు అది. గుంపంతా దాన్ని కనిపెట్టి, నమ్మి, దాని మీద పిల్లల ప్రాణాలు పెట్టుకుని బతుకుతున్నారన్నది పుష్పకు ఇప్పుడే తెలిసింది.

"బడికి పంపితే నువ్వు చూసేదానివి" అంది భీమక్క. ఆమె చూపు ఎక్కడో ఉంది. "ఒళ్ళు ముట్టుకునేదానివి. నీ బండి మీద ఏసుకొని దవాఖానకు పోయేదానివి. నా చేతుల్తోని నేనే ఆపుకున్న. అందరు నన్ను ఏడువుమంటాండ్రు. ఏ మొఖం పెట్టుకొని ఏడ్వాలె పంతులమ్మా? నేనే సంపుకుంటిని గదా."

ఆ సమయంలో వేలిముద్ర అడిగితే భీమక్క అడ్డం చెప్పదు. ఏ కాగితమని కూడా అడగదు. తన తప్పే అనుకుంటున్న మనిషి చేతిని ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడుతుంది. ఆ సంగతి పుష్పకు తెలిసింది. సంచీలో సిరాడబ్బా చేతికి తగిలింది. ఖమ్మంలో పిల్లలు గుర్తొచ్చారు. కోటేష్ గుర్తొచ్చాడు. నాగలత తల వంచుకుని నిలబడడం గుర్తొచ్చింది.

"అవ్వా, ఆ రెండు దినాలు నేను బడిల లేను" అంది.

భీమక్క ఆమె వైపు తిరిగింది.

"మండలంల శిక్షణ ఉంటే పోయిన. ఆడ కూసొని, అందరు బడికి వచ్చిండ్రని ఫోన్ల రాసిన. చూడకుండనే రాసిన. నాగలత అడిగింది అవ్వా, రెండు దినాలూ అడిగింది, రానోళ్ళు ఎవరని. ఎవరూ లేరు, అందరు వచ్చిండ్రని చెప్పిన. వనజ బడిలనే ఉన్నదనుకొని నాగలత పోయింది. ఆమె తప్పు లేదు."

గడప దగ్గర చప్పుడు ఆగిపోయింది. సీతయ్య లేచి నిలబడ్డాడు. ఇక ఆ కాగితంతో పని లేదని పుష్పకు అర్థమైంది. ఏం జరిగినా జరగనీ అని కూర్చుంది. సీతయ్య ఒక అడుగు వేసేసరికి భీమక్క చెయ్యెత్తి ఆపింది.

"ఉండు" అంది కొడుకుతో. తర్వాత పుష్ప ముఖంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటే అడిగింది. "అయితే, నేను పిల్లను బడికి పంపినా, నువ్వు లేకుంటివి?"

"లేకుంటి."

"పిల్ల ఒళ్ళు ముట్టుకొని చూసేటోళ్ళు ఎవరూ లేకుంటిరి?"

"ఎవరూ లేరవ్వా."

"ఇంకోపారి చెప్పు."

పుష్ప ఇంకోసారి చెప్పింది. పంపినా నేను లేను, నువ్వు ఆపినందుకు పోలేదు, నీ తప్పు కాదు అని చెప్పింది. భీమక్క తల ఊపుతూ విన్నది. విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొదట భుజాలు కదిలాయి. తర్వాత మూలుగులాంటిది వచ్చింది. అది చూస్తుండగానే పెరిగి, వనజా, నా వనజమ్మా అని ఇంటి కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. నాలుగు రోజులుగా ఏడ్వడానికి తనకు హక్కు లేదనుకున్న మనిషి, ఆ హక్కు చేతికొచ్చాక ఏడ్చిన ఏడుపు అది.

ఆ గొంతు విని ఇళ్ళలోంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. పుష్పను ఎవరూ పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.